దవడ పన్నూ చేపల తొట్టీ

"కాస్త అటు తిరిగి మాట్లాడు," అన్నాడు మొగుడు, టీ గ్లాసు అందుకుంటూనే ముఖం పక్కకి పెట్టి. "పొద్దున్నే కడుపులో తిప్పుతోంది నీ నోటి కంపుకి."

ఆవిడ అన్నదల్లా, పంచదార చాలకపోతే చెప్పండి, అని. అంత చిన్న మాటకే ఆయన ముక్కు ముడుచుకుపోయింది. పక్క కుర్చీలో ఉన్న అత్తగారు అయ్యో అనలేదు సరికదా, "నేనూ చెబుదామనే అనుకుంటున్నాను. మనిషి వంటింట్లోంచి ఇవతలికి రాకముందే వాసన వస్తోంది," అని తన వంతు తాను వడ్డించింది. ఆవిడ రెండో గ్లాసు అత్తగారి ముందు పెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, స్నానాల గదిలోకి వెళ్లి గడియ వేసుకుంది.

అద్దం ముందు నోరు తెరిచింది. కింది దవడలో ఎడమ పక్క, చివరి దానికి ముందు పన్ను. నిలువునా చీలి, చీలిక నల్లబడి, చుట్టూ చిగురు ఉబ్బి ఎర్రగా నిగనిగలాడుతోంది. వేలితో నొక్కితే పచ్చగా ఏదో ఊరింది. ఆ వేలు వాసన చూసుకుంది. చూడకుండా ఉండవలసింది. కుళాయి తిప్పి ఆ వేలు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది. ఎంత తోమినా, ఎన్ని లవంగాలు నమిలినా పోని ఆ కంపు తన ఒంట్లోనే పుడుతోందంటే తన మీద తనకే ఏవగింపు కలిగింది. పరాయివాళ్ల నోరైతే మనమే దూరం జరగొచ్చు. సొంత నోటి నుంచి ఎక్కడికి జరుగుతారు?

ఆ పన్ను ఊరికే చీలలేదు. ఆ ఇంట్లో అన్నం గిన్నెకి మూడు అంతస్తులు. పైది అత్తగారికి, మెత్తగా ఉంటుందని. నడిమిది మొగుడికి, పొడిపొడిగా ఉంటుందని. అడుగున అంటుకున్న మాడు ఆవిడకి, పారేయడానికి చేతులు రావని. ఎవరూ అలా తినమని శాసనం చెయ్యలేదు, ఆ మాట నిజమే. తినొద్దనీ ఎవరూ అనలేదు. పనికి వేళ మించిపోతోందని ఒకనాడు వంటగట్టు దగ్గర నిలబడే ఆ మాడు గబగబా నములుతుంటే నోట్లో టప్‌మని చప్పుడైంది. గిన్నె పగిలిందేమో అనుకుంది, పగిలింది పన్ను. ఆ సాయంత్రమే మొగుడికి చెప్పింది. ఆయన తొట్టిలో చేపలకి మేత వేస్తూ, వెనక్కి తిరగకుండానే, "ఆ వైపు నమలకు. రెండో వైపు ఉందిగా," అన్నాడు. అత్తగారు, "నాకు పళ్లన్నీ పోయాయి. నేను బతికి లేనూ?" అంది. అంతటితో ఆ పంచాయితీ ముగిసింది. అప్పటి నుంచి ఆవిడ రెండో వైపే నములుతోంది.

కంపు అంటే ఆవిడకి కొత్తా? ఆయన భోజనం చేసి లేస్తే పళ్లెం చుట్టూ చూడాలి. చప్పరించి ఉమ్మిన ఎముకలు, నమిలి పిప్పి చేసి వదిలిన కాడలు, వాటి మీద ఇంకా తడి. అవన్నీ ఉత్త చేత్తో ఎత్తేది ఆవిడే. పళ్లు కుట్టుకున్న పుల్లని సోఫా చేతి మీదే పెట్టి పోతాడు, దాని కొసన ఇరుక్కున్నదేదో ఎండిపోయి ఉంటుంది. అత్తగారి కళ్లె గిన్నె సరేసరి. ఇన్నేళ్లలో ఒక్కనాడూ ఆవిడ వాళ్ల ముందు ముక్కు ముడిచిన పాపాన పోలేదు. అలాంటిది, తన నోట్లో ఒక్క పన్ను కుళ్లేసరికి ఇంటిల్లిపాదికీ కడుపులో తిప్పేసింది. అద్దంలో చూసుకుంటూ ఆవిడ మొదటిసారి ఈ లెక్క వేసుకుంది. కానీ వేసుకున్న లెక్కని ఎవరితో చెబుతుంది, నోరు తెరిస్తే అటు తిరగమంటుంటే?

ఆవిడ పనిచేసేది లాడ్జీల దుప్పట్లు ఉతికే లాండ్రీలో. మూటలు విప్పి, మరకల్ని బట్టి వేరు చెయ్యడం ఆవిడ పని. ముక్కూ మొహం తెలియని మనుషుల చెమట, వెంట్రుకలు, ఇంకా చెప్పకూడనివన్నీ దుప్పట్లకి అంటుకుని వస్తాయి. అక్కడ అందరూ గుడ్డ మాస్కు కట్టుకుంటారు కాబట్టి ఆవిడకి ఆ పని ఈ మధ్య ఇంటి కంటే నయంగా తోస్తోంది. మాస్కు వెనక ఏ కంపు ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? ఆ రోజు మాత్రం మాస్కు తీసి నీళ్లు తాగబోయి, చల్లటి నీళ్లు పన్నుకి తగలగానే అబ్బా అని మూట మీద కూలబడింది.

పక్క బల్ల దగ్గర పనిచేసే పిల్లని అందరూ సబ్బుబిళ్ల అంటారు. ఎప్పుడు చూసినా నురగలాగా నవ్వుతూ ఉంటుంది. అది పరుగున వచ్చి, "అక్కా, నోరు తెరువు," అని బలవంతాన తెరిపించి, "ఓరి నాయనో! ఇదేంటక్కా, నోట్లో పన్నుందా, పాముపుట్టుందా?" అంది.

"దూరంగా ఉండవే. వాసన."

"రోజూ ఎవరెవరి దుప్పట్లో మోసే ముక్కు నాది. నీ పన్ను వాసనకి పడిపోతానా? పద, పళ్ల డాక్టరమ్మ దగ్గరికి."

"ఆయనకి చెప్పి..."

"ఆయన పన్నా అది?"

సగం పూట సెలవు పెట్టి ఇద్దరూ వెళ్లారు.

డాక్టరమ్మ నడివయసు మనిషి, మాట నెమ్మది. పన్నుకి ఫొటో తీసి చూపించింది. చీలిక చిగురు దాటి వేరు దాకా దిగిపోయిందనీ, వేరు కొసన చీము గడ్డ కట్టిందనీ, ఇక దాన్ని నిలబెట్టడం కుదరదనీ చెప్పింది. "చీలిన కొత్తలో వచ్చుంటే తొడుగు వేసి కాపాడేదాన్నమ్మా. ఇన్నాళ్లు ఎందుకు ఆగారు?"

"రెండో వైపు ఉంది కదా అని," అంది ఆవిడ. తన నోటి నుంచి మొగుడి మాట అంత తడుముకోకుండా ఎలా వచ్చిందో ఆవిడకే తెలియలేదు.

పీకడమంటే ఆవిడకి భయం. గుమ్మానికి దారం కట్టి లాగడం, నెత్తురు ధారలు, ఏవేవో విన్నవి. అది కనిపెట్టి డాక్టరమ్మ ముందే అన్నీ చెప్పింది. సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది, అంతే. తర్వాత పెదవి, చెంప మొద్దుబారి ఇంకెవరివో అయినట్టుంటాయి. లాగుతున్నట్టు, అదుముతున్నట్టు తెలుస్తుంది, పటపటమని చప్పుడు కూడా వినిపిస్తుంది, నొప్పి మాత్రం ఉండదు. ఉంటే చెయ్యెత్తండి, ఆపేస్తాను, అంది. చెయ్యెత్తితే ఆపేసే మనిషి ఒకరు లోకంలో ఉన్నారని ఆవిడకి అప్పుడే తెలిసింది. నిజంగా ఆపుతుందో లేదో చూద్దామని, నొప్పి లేకపోయినా ఒకసారి చెయ్యెత్తింది కూడాను. డాక్టరమ్మ చటుక్కున ఆగిపోయి, "ఏమ్మా?" అంది. ఆవిడ సిగ్గుపడి, ఏం లేదన్నట్టు తలూపింది.

పన్ను రెండు ముక్కలుగా వచ్చింది. నెత్తుటి తడితో, వేరు కొసన చిన్న చీము సంచి వేలాడుతూ. చూడగానే ఒళ్లు జలదరించింది కానీ, ఇది ఇక నాలో లేదు కదా అన్న నిమ్మళం వెనకే వచ్చింది.

దూది ఉండ పెట్టి గట్టిగా కరిచి పట్టుకోమని, డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. "ఇప్పుడు ఆ గుంటలో నెత్తురు గడ్డ కడుతుంది. అదే మీకు కట్టు, అదే మందు. అది ఊడిపోకూడదు. అందుకని ఇవాళ పుక్కిలించకండి, రెండ్రోజులు ఉమ్మకండి. రేపట్నుంచి ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని మెల్లగా వంచెయ్యండి. వేడివి వద్దు, మెత్తగా చల్లగా తినండి. బరువులెత్తకండి, వంగి పనులు చెయ్యకండి. ఉమ్మిలో కాస్త ఎరుపు కనిపిస్తే కంగారు పడొద్దు. అన్నిటికంటే ముఖ్యం, వారం దాకా దేన్నీ నోటితో పీల్చొద్దు. గొట్టంతో కూల్‌డ్రింకు కూడా తాగొద్దు. పీల్చారంటే గడ్డ లేచొచ్చేస్తుంది, లోపల ఎముక బయటపడుతుంది. ఆ నొప్పి పగవాళ్లకి కూడా వద్దు. రోజురోజుకీ నొప్పి తగ్గాలి. తగ్గకుండా పెరిగినా, కంపు కొట్టినా వెంటనే రండి."

సబ్బుబిళ్ల బయటికి రాగానే, "విన్నావుగా? వంగొద్దు, ఎత్తొద్దు, పీల్చొద్దు. రాణీగారిలా పడుకో," అంది. ఆవిడ దూది కరుచుకుని ఉంది కాబట్టి కళ్లతోనే నవ్వింది. ఆ ఇంట్లో రాణీగారి మంచం ఎక్కడుందో సబ్బుబిళ్లకి ఏం తెలుసు?

ముందుగదిలో సగం మేర ఆక్రమించి ఒక గాజు తొట్టి ఉంది. అందులో బంగారు రంగు చేపలు, తోకలు జాలీ గుడ్డల్లా ఆడించుకుంటూ తిరుగుతుంటాయి. అవంటే మొగుడికి పంచప్రాణాలు. వేళకి మేత, జబ్బు చేస్తే మందు. వారానికోసారి తొట్టిలో సగం నీళ్లు తీసి కొత్త నీళ్లు పొయ్యాలి. దానికి ఒక రబ్బరు గొట్టం. ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని గట్టిగా పీలిస్తే మురుగు నీళ్లు గొంతు దాకా వస్తాయి. సరిగ్గా అప్పుడు నోరు తీసి బకెట్లోకి వదలాలి. ఒక్క లిప్త ఆలస్యమైతే చేపల పెంటా పాచీ కలిసిన ఆకుపచ్చ జిగురు నీళ్లు నాలుక మీద ఉంటాయి. చేపలు కొన్నది ఆయన, చూసి మురిసేది ఆయన, పీల్చేది మాత్రం ఆవిడ. మిషను కొందామంటే, చప్పుడుకి చేపలు బెదురుతాయంటాడు. మీరు పీల్చండంటే, నాకా నేర్పు లేదంటాడు. "మా ఆవిడ ఒక్క పీలుపు పీలిస్తే చాలండీ, కాలవ పారినట్టు వస్తుంది," అని వచ్చినవాళ్లకి గొప్పగా కూడా చెబుతాడు. కొత్తలో ఒకసారి, భరించలేని కంపండీ, అంటే, "చేపల నీళ్లకి వాసనేంటి? నాకేం రాదే! నీ ముక్కుకే అన్నీ కంపు," అని కొట్టిపారేశాడు. ఏమో, తన ముక్కే తేడా ఏమో అనుకుంది. ఆయనకి తెలియదు పాపం, తెలిస్తే చేయిస్తాడా, అని కూడా సర్దుకుంది.

పన్ను తీయించుకున్న రోజు ఎలాగో గడిచింది. మర్నాడు ఆఫీసు నుంచి వస్తూనే ఆయన హడావిడి పడ్డాడు. మేనేజరుగారు భార్యా సమేతంగా చేపలు చూడటానికి వస్తున్నారట, అదీ ఇంకాసేపట్లో. తొట్టిలో నీళ్లు చూస్తే మజ్జిగలా మసకబారి ఉన్నాయి.

"ఏమే, ఒక్కసారి ఆ గొట్టం పట్టుకో."

ఆవిడ మాట పెగల్చుకుని, "డాక్టరమ్మ పీల్చొద్దందండీ. గడ్డ ఊడిపోతుందట," అంది.

"డాక్టర్లు వందంటారు. పీల్చేది పెదాలతోనే కానీ పన్నుతో కాదుగా! అసలు ఆ పన్నే లేదాయె."

అత్తగారు పకపకా నవ్వింది. "ఒక్క పీలుపుకి ఏమైపోతావే? మా రోజుల్లో పన్ను ఊడితే ఇంత ఉప్పు అద్దుకుని బిందెలు మోసేవాళ్లం. మీరంతా దూదిబొమ్మలు."

"పోనీ మీరే ఒక్కసారి..." అంది ఆవిడ మొగుడితో.

"నాకా నేర్పు లేదని నీకు తెలియదూ? వాళ్లు వీధి మొగలోకి వచ్చేసుంటారు. నా పరువు తియ్యకు."

గొట్టం చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని కుడివైపు పెదవికి పెట్టుకుంది, ఎడమవైపు తగలకుండా చూసుకోవచ్చని ఒక వెర్రి ఆశ. కళ్లు మూసుకుని పీల్చింది. ఒకేసారి రెండు జరిగాయి. గొట్టంలోంచి పాచినీళ్లు నోరంతా కమ్ముకున్నాయి, చిగురు గుంటలోంచి ఏదో మెత్తగా, జున్నుముక్కలాగా, లేచి నాలుక మీదికి వచ్చింది. ఉమ్మొద్దని కదా డాక్టరమ్మ చెప్పింది. ఆ కంగారులో ఆవిడ తన నెత్తురు గడ్డనీ, చేపల పెంట నీళ్లనీ కలిపి మింగేసింది. మింగిన తర్వాత తెలిసింది ఏం మింగిందో. పెరట్లోకి పరుగెత్తి గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. లోపల బకెట్లోకి నీళ్లు కాలవలాగే పారుతున్నాయి.

మేనేజరు గారు వచ్చి తొట్టి చూసి, "ఎంత శుభ్రంగా ఉంచారండీ!" అని తెగ మెచ్చుకున్నారు.

"ఓపిక ఉండాలి సార్. అందరికీ చేతకాదు," అంది మొగుడి గొంతు. ఆవిడ వంటింట్లో వాళ్ల కోసం టీ వడపోస్తూ వింది.

ఆ తర్వాత మొదలైంది నొప్పి. పన్ను ఉన్నప్పటి నొప్పి దీని ముందు ఎందుకూ పనికిరాదు. గుంటలోంచి చెవిలోకి, చెవిలోంచి కణతలోకి ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టు ఉండేది. కంపు మళ్లీ వచ్చింది, రెండింతలై వచ్చింది. అత్తగారు, "నీ గ్లాసు విడిగా పెట్టుకో," అంది. మొగుడు పక్క గదిలో పక్క వేసుకున్నాడు. లాండ్రీలో మూటల మధ్య ఒళ్లు కాలిపోతూ పడిపోతే, సబ్బుబిళ్ల ఆయన ఆఫీసుకి ఫోను చేసి కాస్త గట్టిగానే మాట్లాడిందట. ఆయన స్కూటరు మీద గొణుక్కుంటూ వచ్చి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ దీపం వేసి చూసి, "గడ్డ ఏదీ? ఎముక కనిపిస్తోంది. ఏం పీల్చారమ్మా?" అంది.

"కూల్‌డ్రింకేదో తాగుంటుందండీ," అన్నాడు మొగుడు. "చెబితే వినదు. మొండి."

ఎప్పుడూ అంతే. ఎవరేమడిగినా ఆవిడ తరఫున ఆయనే జవాబు చెబుతాడు, ఆవిడ తలూపుతుంది. కానీ ఆ రోజు తలూపాలంటే దవడ కదలడం లేదు. కదలని దవడతోనే, "చేపల తొట్టి నీళ్లండీ," అంది. "గొట్టం పెట్టి నోటితో లాగాను. వారం వారం నేనే లాగుతాను."

డాక్టరమ్మ చేతిలో పనిముట్టు అలాగే ఆగిపోయింది. "ఛీ!" అంది. ఆ ఛీ అంటున్నప్పుడు ఆమె ఆవిడ వైపు చూడలేదు, మొగుడి వైపు చూసింది. "ఆ మురికి నీళ్లు ఈమె నోటితోనా? పచ్చి పుండు పెట్టుకుని?" ఆయన బూట్ల వైపు చూసుకున్నాడు. కుర్చీలో వెల్లకిలా పడుకున్న ఆవిడకి మాత్రం ఆ ఛీ చెవులకి చల్లగా తగిలింది. ఇంతకాలం ఛీలన్నీ తన మీద పడ్డవే. తన తరఫున ఒకరు ఛీ అనడం పుట్టి బుద్ధెరిగాక ఇదే వినడం. అసహ్యపడటం తన తప్పు కాదన్నమాట, తన ముక్కు తేడా కాదన్నమాట. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. నొప్పికేమో అనుకుని డాక్టరమ్మ ఇంకాస్త మెల్లగా గుంట కడిగి, లవంగ నూనె వాసన వచ్చే మందు కూరి, బిళ్లలిచ్చింది. మళ్లీ రెండుసార్లు వచ్చి మందు మార్పించుకోమంది.

మందు పడ్డాక మేకు వదిలింది. రెండుసార్లూ ఆవిడ ఒక్కతే వెళ్లి మార్పించుకు వచ్చింది. చిగురు కలుసుకోవడం మొదలైంది. నోట్లో లవంగం వాసన తప్ప మరేం లేదు. ఇంట్లో ఎవరూ ముఖం తిప్పడం లేదు. తిప్పడం మానేశారని ఆవిడకి పెద్ద సంతోషం కూడా కలగలేదు, అదే ఆవిడకి వింతగా ఉంది.

సెలవు రోజు పొద్దున్న ఆయన ముందుగదిలోంచి కేకేశాడు. "ఏమే, రా. నీళ్లు పచ్చబడిపోయాయి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి."

ఆవిడ వచ్చింది. ఆయన చాచిన గొట్టం అందుకోలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ వేళప్పుడు ఆ కుర్చీలో ఆవిడ కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు.

"ఇంకా తగ్గలేదా?" అన్నాడు.

"తగ్గింది. మీరు పీల్చండి."

"నాకా నేర్పు..."

"పెదాలతో పీల్చడమేగా. పన్నుతో కాదుగా."

అత్తగారు కళ్లెర్ర చేసింది. "మగాడు ఆ గొట్టం నోట్లో పెట్టుకుంటాడటే? ఏం మాటలవి?"

"మేత వేసే చెయ్యి మగాడిదే కదా అత్తయ్యా. ఇదీ ఆ పనిలోదే. ఇక నా నోరు ఆ గొట్టానికి తగలదు. ఇవాళ కాదు, ఎప్పుడూ."

గొంతు పెంచలేదు. వంటకి ఏం చెయ్యమంటారని అడిగే గొంతుతోనే అంది. అందుకే కాబోలు ఆయనకి కోప్పడటానికి పట్టు దొరకలేదు. చేపలు నిజంగానే పైకి వచ్చి గుటకలు వేస్తున్నాయి. ఆయన అమ్మ వైపు చూశాడు, తొట్టి వైపు చూశాడు, వీధి తలుపు వైపు కూడా చూశాడు. చివరికి గొట్టం ఒక కొస నీళ్లలో ముంచి, రెండో కొస పైకెత్తాడు.

ఆవిడ చూస్తూ కూర్చుంది. మనసులో ఒక్క మూల, ఇంకా ఒక్క మూల, ఆయన పట్ల కాస్త జాలి మిగిలే ఉంది ఆవిడకి. పాపం, వాసన తెలియని మనిషి, తెలియక చేయించాడు, నేర్పు లేకే అడిగాడు, అని. ఆ జాలి పట్టుకునే ఇన్నేళ్లు ఆ ఇంట్లో గరిటె తిప్పింది.

గొట్టం పెదవుల దాకా వెళ్లిందో లేదో, ఆయన ముఖం చిట్లించి, తల వెనక్కి విదిలించి, గొట్టాన్ని చేతి పొడవునా దూరంగా పట్టుకున్నాడు.

"ఛీ ఛీ! ఎప్పుడూ ఉండే కంపే ఇది! ఎలా పెట్టుకుంటారు దీన్ని నోట్లో?"

ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. ఆయన ముఖం వంక, ఆ ముడుచుకున్న ముక్కు వంక, కొత్త మనిషిని చూసినట్టు చూసి, నెమ్మదిగా అంది:

"అయితే ఇన్నేళ్లూ మీకు వాసన వస్తూనే ఉందన్నమాట."